పుట్టపర్తి నారాయణాచార్యులు: శివతాండవం తర్వాత పిల్లలకు ఏం చదివించాలి?

పెన్నాతీరం (ప్రొద్దుటూరు)

అందరికీ నమస్కారం. నేను ప్రొద్దుటూరులో హైస్కూల్ తెలుగు పండితుణ్ణి. పద్యాల పోటీ అనగానే మా పిల్లలు శివతాండవమే ఎత్తుకుంటారు. ఎత్తుకోవాల్సిందే. అది పుట్టింది మా ఊరి అగస్త్యేశ్వరస్వామి గుళ్ళో. పుట్టపర్తి వారు ఈ ఊళ్ళో ఉన్న రోజుల్లో గుడి చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ ఆ పంక్తులు అల్లుకున్నారని ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

మొన్న తొమ్మిదో తరగతి పిల్లోడు ఒకడు అడిగినాడు, "సార్, ఈయన ఇంకేమేం రాసినారు?" అని. పెనుగొండ లక్ష్మి, షాజీ, మేఘదూతం, సాక్షాత్కారం, పండరీ భాగవతం, జనప్రియ రామాయణం, శ్రీనివాస ప్రబంధం అని పేర్లు చెప్పినాను. వాడు అన్నీ నోట్సులో రాసుకుని, "వీటిలో మేము చదవగలిగేది ఏది సార్?" అన్నాడు. ఏదో ఒక పేరు చెప్పి తప్పించుకోవడం ఇష్టం లేక ఇక్కడ అడుగుతున్నా.

శివతాండవం నోటికి వచ్చినవాళ్ళు మా ఊరినిండా ఉన్నారు. పుట్టపర్తి వారిని చదివినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 1914లో పుట్టి 1990 దాకా రాస్తూనే ఉన్న మనిషి సొంత సీమలోనే ఒక్క పాటగా మిగిలిపోతే నాకు మనసు ఒప్పడం లేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఏది, ఏ వరుసలో ఇవ్వాలో చెప్పండి.

చిత్రావతి (అనంతపురం)

సార్, మొదట పెనుగొండ లక్ష్మి ఇవ్వండి. మీ పిల్లల వయసువాడే రాసిన కావ్యం అది. పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య రాసినారు. ఆ ఒక్క సంగతి చెప్తే చాలు, పిల్లలు వెన్ను నిటారుగా పెట్టి వింటారు.

ఆయన పుట్టింది మా అనంతపురం పక్కన చియ్యేడులో. పెరిగింది మాత్రం పెనుగొండలో. అసలు ఇంటిపేరు తిరుమల వారు. విజయనగర రాజగురువు తాతాచార్యుల వంశం. పూర్వీకులు పుట్టపర్తిలో ఉండడం వల్ల ఆ ఊరే ఇంటిపేరుగా స్థిరపడింది. ఇక పెనుగొండ సంగతి మీకు తెలిసిందే. 1565లో రక్కసి తంగడి (తళ్ళికోట) యుద్ధం తర్వాత హంపీ పాడుపడితే, తిరుమలరాయలు రాజధానిని ఈ కొండ కిందికే తెచ్చుకున్నాడు. అంటే రాజగురువు వంశంలో పుట్టిన పిల్లవాడు ఆ రాజులు తలదాచుకున్న ఊళ్ళోనే గోళీలాడే వయసులో తిరిగినాడన్నమాట. గగనమహల్, పగిలిన బురుజులు, చెట్లు మొలిచిన గోడలు రోజూ చూసిన కళ్ళు. ఆ కావ్యంలో దుఃఖం పుస్తకాల్లోంచి తెచ్చుకున్నది కాదు. తన వీధి గురించి తాను ఏడ్చినట్టు ఉంటుంది.

పిల్లలకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆయన విద్వాన్ పరీక్షకు (తెలుగు పండితుల పరీక్ష) కూర్చుంటే, తాను రాసిన పెనుగొండ లక్ష్మే అందులో పాఠ్యగ్రంథం! ఇట్లాంటిది ఏ భాషలోనైనా ఎంతమంది కవులకు జరిగి ఉంటుంది?

వీలైతే బస్సు కట్టించి పెనుగొండకు తీసుకురండి. అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద గంటన్నర కూడా పట్టదు. గగనమహల్ ముందు కూర్చోబెట్టి ఆ పద్యాలు చదివిస్తే మీరు వేరే వివరణ ఇవ్వనక్కర్లేదు.

కుందూ ఒడ్డు (నంద్యాల)

చిత్రావతి అక్కా, నేను కొంచెం అడ్డం మాట్లాడతా, ఏమీ అనుకోవద్దు. నేను డిగ్రీలో తెలుగు చదివినవాణ్ణే. పుట్టపర్తి వారి పాండిత్యం ముందు ఎవరైనా చేతులు జోడించాల్సిందే. కానీ సీమ కరువు గురించి, సీమ రైతు గురించి మాట్లాడాలంటే మాకు విద్వాన్ విశ్వం గుర్తుకొస్తారు, ఆయన పెన్నేటి పాట గుర్తుకొస్తుంది. ఇద్దరిదీ అనంతపురం జిల్లానే, ఏడాది తేడాతో పుట్టినారు. ఒకరు ఎండిన పెన్నను చూసి రాసినారు, ఇంకొకరు శివుడి జడల్లో గంగను చూసి రాసినారు. ఈ కాలం పిల్లలకు మొదటిది కదా దగ్గరగా ఉండేది? రాజులు, కోటలు, దేవుళ్ళు... ఇవి చదివించి ఏం సాధిస్తాం?

మోచంపేట (కడప)

నాయనా కుందూ, నువ్వు అడిగింది మంచి ప్రశ్నే. కాకపోతే పుట్టపర్తి వారిని సగం చూసి అడుగుతున్నావు.

మేఘదూతం చదివినావా? కాళిదాసు మేఘదూతంలో కుబేరుడి శాపం తగిలిన యక్షుడు భార్యకు కబురు పంపుతాడు. పుట్టపర్తి వారి మేఘదూతంలో యక్షుడూ లేడు, కుబేరుడూ లేడు. నమ్మిన సిద్ధాంతం కోసం జైలుకెళ్ళిన మనిషి ఉన్నాడు. ఊచల వెనక నుంచి మబ్బును చూసి ఇంటావిడకు కబురు చెప్పమంటాడు. తాతాచార్యుల వంశంలో పుట్టి, తులసీదాసు మీద సాక్షాత్కారం రాసిన కవి, ఆ ఖైదీ గుండెలో దూరి రాసినారు. అగ్నివీణ ఉంది, పురోగమనం ఉంది. ఆ పేర్లు చూస్తేనే తెలుస్తుంది, ఆయన కాలంతో పాటు నడిచినారని. గాంధీజీ పోయినప్పుడు గాంధీజీ మహాప్రస్థానం రాసినారు.

విశ్వం గారిని తక్కువ చేసి చెప్పడం లేదు. పెన్నేటి పాట వింటే నాకు ఇప్పటికీ గొంతు పట్టుకుపోతుంది. ఒకరిని ఎత్తడానికి ఇంకొకరిని దించనక్కర్లేదని మాత్రమే నా మాట. సీమ నేల మీద కరువూ ఉంది, కోటా ఉంది, గుడీ ఉంది. పిల్లలకు మూడూ చెందుతాయి.

అగ్నివీణ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి కూడా. అందులో ఆయన భార్య కనకమ్మ గారి రచనలు కూడా ఉన్నాయి. ఆమె స్వయంగా కవయిత్రి, సంస్కృతం బాగా తెలిసిన మనిషి. పుట్టపర్తి వారి గురించి సభలు పెట్టినప్పుడు ఆమె పేరు ఒక వాక్యంలో చెప్పి దాటేస్తారు. మీరు పిల్లలకు చెప్పేటప్పుడు అట్లా చేయకండి సార్. ముఖ్యంగా ఆడపిల్లలకు ఆమె గురించి చెప్పండి.

తుంగభద్ర (కర్నూలు)

నేను నాట్యం నేర్పిస్తాను. శివతాండవం తర్వాత ఏమిటి అన్న మాటకు అడ్డు రావడం లేదు కానీ, శివతాండవాన్నే మన పిల్లలు సరిగా చదువుతున్నారా అని నాకు సందేహం. పోటీల్లో వింటుంటాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఊపు, ఒకటే కేక. జడ్జీలు చప్పట్లు కొడతారు. కావ్యం మాత్రం నలిగిపోతుంది.

ఎత్తుగడ చూడండి:

ఏమానందము
భూమీతలమున!
శివతాండవమట!
శివలాస్యంబట!

చేత్తో తాళం వేస్తూ చదవండి. ఏమా, నందము, భూమీ, తలమున. ప్రతి ముక్కా నాలుగు మాత్రలు (మాత్ర అంటే పొట్టి అక్షరం పలికేంత సేపు). ఇది చతురస్ర నడక. ఇంకా ఆట మొదలు కాలేదు. లోకమంతా ఆ కబురు ఒకరికొకరు చెప్పుకుంటోంది, అంతే. కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు, సంబరం కనబడాలి.

శివుడు ఆటలోకి దిగేసరికి చూడండి:

తలపైన చదలేటి యలలు దాండవమాడ

తలపైన, చదలేటి, యలలు దాం, డవమాడ. ఇప్పుడు ఐదు మాత్రలు. ఖండగతి. నడక మారిపోయింది! రెండు, మూడు అని విరిగే ఆ ఐదులో ఒక కుదుపు ఉంటుంది. పాదం నేల మీద పడి లేచే కుదుపు అది. పైగా పంక్తి పొడుగునా ఆ లకారం అలలాగా కొట్టుకుంటూ వస్తుంది. ఆకాశగంగ కదలడం చెవికి వినిపిస్తుంది. మా అమ్మాయిలకు దీన్ని నేర్పేటప్పుడు మొదట అర్థం చెప్పను. తకతకిట తకతకిట అంటూ అడుగు వేయించి, ఆ తర్వాత పంక్తి ఇస్తాను. అర్థం దానంతట అదే వస్తుంది.

ఆయనకు ఇది ఊరికే రాలేదు. పెనుగొండలో చిన్నప్పుడే పక్కా హనుమంతాచార్యుల దగ్గర సంగీతం, రంజకం మహాలక్ష్మమ్మ గారి దగ్గర భరతనాట్యం నేర్చుకున్నారు. ఆచార్యుల ఇంటి పిల్లవాడు ఆ రోజుల్లో ఒక నర్తకి దగ్గర కూర్చుని నాట్యం నేర్చుకోవడమంటే చిన్న విషయం కాదు. మహాలక్ష్మమ్మ గారు నేర్పిన అడుగే శివతాండవంలో పడిందని నేను నమ్ముతాను. ఆ తల్లి పేరు కూడా పిల్లలకు చెప్పండి సార్.

కుందూ ఒడ్డు (నంద్యాల)

తుంగభద్ర గారూ, ఇప్పుడే చప్పట్లు వేసుకుంటూ చదివి చూసినాను. నిజంగానే మొదటి భాగానికి వేసిన తాళం రెండోదానికి కుదరడం లేదు. స్కూల్లో నేను దీన్ని పాడి ప్రైజు కూడా తెచ్చుకున్నా, ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

మోచంపేట పెద్దాయనా, మేఘదూతం వెతుక్కుని చదువుతా. ఇంకొక్క ప్రశ్న. వైష్ణవుల ఇంట్లో పుట్టి శివుడి మీద ఇంత ఒళ్ళు మరిచి ఎట్లా రాసినారు? ఇంట్లోవాళ్ళు ఏమీ అనలేదా?

మోచంపేట (కడప)

ఇంట్లో ఏమన్నారో మనం ఊహించి చెప్పకూడదు. కావ్యం ఏమంటుందో చూద్దాం. శివుడి తాండవం, పార్వతి లాస్యం (సుకుమారమైన నాట్యం) రెండూ అయ్యేలోపు శివుడు, విష్ణువు వేరు కాదన్న భావం అందులోనే వస్తుంది. రెండు రూపాల్నీ ఒక్క చూపులో చూసినారు ఆయన. తర్వాత జీవితంలో పండరి విఠలుడి భక్తుల మీద పండరీ భాగవతం, తిరుమల వెంకన్న మీద శ్రీనివాస ప్రబంధం రాసినారు. సంస్కృతంలో శివకర్ణామృతం కూడా రాసినారు. కాబట్టి శివతాండవం ఏదో ఒక్కనాటి ఆవేశం కాదు.

ఇంకోటి. ఆయన కొన్నాళ్ళు ఇల్లు వదిలి హిమాలయాల వైపు వెళ్ళిపోయినారు. రిషీకేశ్‌లో స్వామి శివానంద శివతాండవం విని 'సరస్వతీపుత్ర' అన్నారు. భారత ప్రభుత్వం 1972లో పద్మశ్రీ ఇచ్చింది, యూనివర్సిటీలు డాక్టరేట్లు ఇచ్చినాయి. కానీ మా కడపలో ఈ రోజుకీ ఆయన పేరు ముందు జనం పెట్టుకునేది సరస్వతీపుత్ర అనే.

చిత్రావతి (అనంతపురం)

భాషల సంగతి ఎవరూ ఎత్తలేదే! పద్నాలుగు భాషలు వచ్చని అందరూ చెప్తారు, సభల్లో ఆ అంకె చెప్పగానే చప్పట్లు. ఆ భాషలతో ఆయన ఏం చేసినారో మాత్రం ఎవరూ చెప్పరు.

విశ్వనాథ సత్యనారాయణ గారి ఏకవీర నవలను మలయాళంలోకి అనువదించినారు. తెలుగువాడు మలయాళం నుంచి తెలుగులోకి తేవడం వేరు. తన మాతృభాష కాని మలయాళంలోకి ఒక తెలుగు నవలను తీసుకెళ్ళడం వేరు. తిరువనంతపురంలో నిఘంటువు పని మీద ఉన్న కాలం ఆయనకు అట్లా ఉపయోగపడింది. ధర్మానంద కోశాంబి మరాఠీలో రాసిన భగవాన్ బుద్ధను తెలుగులోకి తెచ్చినారు. పండరీ భాగవతం వెనక కూడా మరాఠీ భక్తుల సాహిత్యాన్ని సొంతంగా చదువుకున్న శ్రమ ఉంది. ఇంగ్లీషులో కూడా కవిత్వం రాసినారు, లీవ్స్ ఇన్ ది విండ్ అని. ఆ ఇంగ్లీషుకు పునాది పడింది కూడా పెనుగొండలోనే, సబ్ కలెక్టర్ భార్య పిట్ దొరసాని దగ్గర.

మా ఊళ్ళో ఇంట్లో కన్నడం, బజార్లో తెలుగు, మసీదు పక్క వీధిలో ఉర్దూ వింటూ పెరిగే పిల్లలు ఎంతోమంది. అన్ని భాషలు చెవిన పడడం గందరగోళం అనుకుంటారు పాపం. పుట్టపర్తి వారిని చూపించి, అది ఆస్తి అని చెప్పొచ్చు.

రేనాటి చదువరి (జమ్మలమడుగు)

ఇంత చర్చ జరిగింది, పుస్తకాలు దొరకడం గురించి కూడా మాట్లాడుకుందాం. శివతాండవం ఎక్కడైనా దొరుకుతుంది. మిగతావి కావాలంటే ఎంత తిరగాలో నాకు తెలుసు. ఒక గ్రంథాలయంలో పండరీ భాగవతం కేటలాగులో ఉంది, బీరువాలో లేదు. ఇంకోచోట జనప్రియ రామాయణం ఒక భాగం ఉంది, అట్ట ఊడిపోయి, మధ్య పేజీలు చిరిగిపోయి. అడిగితే "ఎవరూ చదవరు సార్" అన్నారు. లేని పుస్తకాన్ని ఎవరు చదువుతారు? నాకు కడుపు మండింది.

కడపలో సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్ళండి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే పట్టుబట్టి కట్టించిన గ్రంథాలయం అది. సీమ కవుల పుస్తకాల కోసం మొదట తట్టాల్సిన తలుపు అదే. స్కాన్ చేసిన పాత ప్రతులు కొన్ని ఆన్‌లైన్‌లో కూడా ఉన్నాయి. ఓపిగ్గా పేరు కొట్టి వెతకాలి. ఆయన గొంతుతో శివతాండవం రికార్డింగ్ కూడా దొరుకుతుంది, తుంగభద్ర గారు చెప్పిన నడక ఆయన నోటనే వినొచ్చు.

పిల్లలకైతే నా ఓటు జనప్రియ రామాయణానికి. పేరులోనే ఉంది కదా, అది జనం కోసం రాసింది. పద్యాలు కాదు, మాత్రాఛందస్సులో గేయంలాగా సాగుతుంది. కథ తెలిసిందే కాబట్టి పిల్లలు మాటల దగ్గర తడబడినా కథ దగ్గర తడబడరు. పండరీ భాగవతం ద్విపద, అంటే రెండేసి పాదాలుగా సాగే ఛందస్సు. మన ముసలమ్మలు పాడుకునే రంగనాథ రామాయణం వరస వచ్చినవాళ్ళకు అది నోట్లో తేలిగ్గా పడుతుంది.

తుంగభద్ర (కర్నూలు)

వచనం కూడా చేర్చండి. పద్యం అంటే భయపడే పిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. రాయలనాటి రసికతా జీవనము అనే పుస్తకం ఉంది. రాయల కాలంలో జనం ఏం తొడుక్కున్నారు, ఏం తిన్నారు, పండగలు ఎట్లా చేసుకున్నారు అన్న కుతూహలం ఉన్న పిల్లలకు అది కథల పుస్తకంలాగే ఉంటుంది. పెద్ద పిల్లలకు ప్రబంధ నాయికలు. విమర్శ ఎట్లా రాయాలో దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

పెన్నాతీరం (ప్రొద్దుటూరు)

అందరికీ చాలా థాంక్స్. ఇంత వస్తుందని అనుకోలేదు.

నేను ఇట్లా అనుకుంటున్నా. తొమ్మిదో తరగతికి జనప్రియ రామాయణంలోంచి ఒక ఘట్టం, వారానికి ఒక పీరియడ్. పదో తరగతికి పెనుగొండ లక్ష్మి. శివతాండవం ఇద్దరికీ, కానీ తాళం వేసి, నడక మారే చోటు పిల్లలే పట్టుకునేటట్టు. మేఘదూతం గురించి ఇంకా తేల్చుకోలేదు. జైలు, రాజకీయం అంటే స్కూల్లో ఎవరైనా అభ్యంతరం చెప్తారేమో అని కొంచెం టెన్షన్‌గా ఉంది.

ఒక్క మాట మా ఊరి తరఫున చెప్పుకోవాలి. ఒకే కాలంలో ప్రొద్దుటూరులో శివభారతం రాసిన గడియారం వేంకట శేషశాస్త్రి గారు, రాణాప్రతాపసింహ చరిత్ర రాసిన దుర్భాక రాజశేఖర శతావధాని గారు, శివతాండవం రాసిన పుట్టపర్తి వారు ముగ్గురూ మెలిగినారు. ఇప్పుడు మా ఊరి పేరు చెప్తే అందరూ బంగారం అంగళ్ళు, పత్తి మిల్లులు అంటారు. ఆ ముగ్గురి పేర్లు కూడా మా పిల్లల నోట రావాలని నా కోరిక.

మోచంపేట (కడప)

మేఘదూతం విషయంలో వెనకాడకు సార్. కాళిదాసు మేఘదూతం నుంచి నాలుగు శ్లోకాల భావం చెప్పు, పక్కన పుట్టపర్తి వారిది నాలుగు పద్యాలు పెట్టు. "యక్షుడి బదులు ఈయన ఖైదీని ఎందుకు పెట్టినాడు?" అని పిల్లలనే అడుగు. జవాబు నువ్వు చెప్పొద్దు. ఇది కవిత్వ పాఠమే అవుతుంది, ఎవరూ వేలెత్తి చూపలేరు.

నా దగ్గర పాత ప్రతి ఒకటి ఉంది. కాగితం పొడిపొడిగా రాలుతోంది, పోస్టులో పంపితే తట్టుకోదు. ఈసారి కడపకు వచ్చినప్పుడు ఇంటికి రా. కావాల్సిన పేజీలు ఫోన్‌తో ఫొటోలు తీసుకుని పో.

కుందూ ఒడ్డు (నంద్యాల)

పెద్దాయనా, ఆ ఫొటోలు నాకు కూడా పంపించండి. టైప్ చేసే పని నేను చేస్తా. రాత్రిపూట ఖాళీగానే ఉంటా, తెలుగు టైపింగ్ బాగా వచ్చు. సార్ క్లాసులో వాడే భాగాలతో మొదలుపెడదాం. అరసున్నలు, సంధులు చూసి దిద్దడానికి చిత్రావతి అక్క ఒప్పుకుంటే తప్పులు కూడా దొర్లవు.

చిత్రావతి (అనంతపురం)

ఒప్పుకున్నా తమ్ముడూ. పెనుగొండ లక్ష్మి నా దగ్గర ఉన్న ప్రతి నుంచి మొదటి పద్యాలు ఈ ఆదివారం పంపుతా. సార్, పిల్లల్ని తీసుకొచ్చేది మార్చి 28న పెట్టుకోండి, ఆయన పుట్టినరోజు. ఎండలు అప్పటికే ముదురుతాయి, పొద్దున ఎనిమిదికల్లా కోట దగ్గర ఉండేటట్టు బయల్దేరండి. మధ్యాహ్నం భోజనాల ఏర్పాటు నేను చూసుకుంటా.